రెండు తిప్పులు

ట్రాలీ ఆటోలోంచి బండిని దించుతుంటే మేస్త్రీ చేతులు కడుక్కునే నెపంతో కొట్టు లోపలికి వెళ్ళాడు. కడుక్కోవడానికేమీ లేదు. పొద్దున్నే తాళం తీశాడు, ఇంకా పానా ముట్టుకోలేదు. అయినా సబ్బు తీసుకుని మోచేతుల దాకా రుద్దాడు. బయట టైలరు గొంతు వినిపిస్తూనే ఉంది.

"మెల్లిగా బాబూ, మెల్లిగా. ఇంక దానికి దెబ్బ తగలకూడదు."

ఇంకా తగలడానికి ఏం మిగిలిందని ఎవరైనా నవ్వుకోవచ్చు గానీ, ఆ మాటన్న మనిషి ముఖం చూస్తే నవ్వు రాదు. ఆరు వారాల కిందట ఈ బండి మీదే టైలరు కూతురు కొండదారి మలుపులో పడి చనిపోయింది. ఆ పిల్ల కొండ మీది మూడు చిన్న ఆసుపత్రులకు మందులు చేరవేసేది. వెనక మందుల్ని చల్లగా ఉంచే పెట్టె కట్టుకుని తెల్లవారగానే పైకి వెళ్ళి, మధ్యాహ్నానికి దిగి వచ్చేది. వీధిలో అందరికీ ఆమె మందులమ్మాయి. మేస్త్రీని మాత్రం బాబాయ్ అనేది. చుట్టరికమేమీ లేదు. బాబాయ్ అంటే పని తొందరగా అవుతుందని తనే ఒకసారి నవ్వుతూ చెప్పింది, నిజంగానే అయ్యేది.

"ఏవండీ," అంది భార్య గుమ్మంలోంచి. "ఆ సబ్బు రేపటికి కూడా కావాలి. బయట మనిషి నిలబడ్డాడు."

ఆ వీధిలో ఇంజను పాడైతే చూసేవాళ్ళు నలుగురున్నారు. ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే రెండు గొట్టాలను ఫోర్కులు అంటారు. వాటి సంగతికొస్తే మాత్రం ఈ మొగుడూ పెళ్ళాలే. గొట్టాలు, స్ప్రింగులు అతని పని. నూనె బయటికి కారకుండా ఆపే రబ్బరు సీళ్ళు వేయడం ఆవిడ పని. ఆవిడ వేసిన సీలు మూడేళ్ళయినా చెమ్మగిల్లదని బండ్లవాళ్ళు చెప్పుకుంటారు.

టైలరు బండి హ్యాండిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మెడలో కొలతల టేపు తీయడం మరిచిపోయి అలాగే వచ్చేశాడు.

"పోలీసులు నిన్ననే ఇచ్చారు మేస్త్రీగారూ. లైటూ అద్దమూ మా వీధిలో వేయించేశాను. ముందు భాగం మాత్రం మీ దగ్గరికే తీసుకెళ్ళమన్నారు."

"అమ్మేస్తారా?"

"అమ్మను. నేనే నడుపుతాను."

"మీకు వచ్చా?"

"పెళ్ళికి ముందు నడిపేవాణ్ణి. ఆ రోజు అంబులెన్సులో తెచ్చేశారు, పడ్డ చోటు నేను చూడనే లేదు. ఆదివారం దాని బండి మీదే ఆ మలుపు దాకా వెళ్ళి చూసొస్తాను. నా బరువుకి సరిచేసి పెట్టండి."

జేబులోంచి మడతలు పడిన కాగితం తీసి చూపించాడు. అమ్మాయి పనిచేసిన ఆఫీసువాళ్ళు విచారణ జరిపి రాసిన కాగితం అది. ప్రమాదానికి కారణం అన్న చోట రెండే మాటలు: అతివేగం, నిర్లక్ష్యం. ఎవరో ఆ రెండింటి కిందా గీత కూడా గీశారు.

"కన్నవాణ్ణి, నాకు మాత్రం ఇలా అనడానికి నోరొస్తుందా? కానీ ఏం చేస్తాం. ఎవరి మాట విన్నది గనుక? మీరూ చెప్పే ఉంటారు."

"అవునండీ," అన్నాడు మేస్త్రీ.

ఆ అవును అతని నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. ఆమె పోయిన సాయంత్రం టీకొట్టు దగ్గర నలుగురి మధ్య నిలబడి అతను ఇంకా పెద్ద మాటే అన్నాడు. మెల్లిగా పొమ్మని ఎన్నోసార్లు చెప్పానన్నాడు. ఎన్నోసార్లు కాదు, ఒక్కసారి కూడా చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. వెనక మందుసీసాలు పెట్టుకుని ఎవరు మాత్రం ఎగురుకుంటూ పోతారు? కానీ నలుగురూ అంటుంటే తనూ ఒక మాట కలిపాడు.

టైలరు వెళ్ళాక మేస్త్రీ ముందు బ్రేకు పట్టి, హ్యాండిలు మీద బరువంతా వేసి కిందికి నొక్కి వదిలాడు. ఏ బండైనా అలా నొక్కితే దిగాలి, వదిలితే నింపాదిగా పైకి రావాలి. ఇది నింపాదిగా రాలేదు. ఒక్క ఉదుటున లేచి అతని అరచేతుల్ని కొట్టింది. లేచి ఊరుకోకుండా మళ్ళీ ఒకసారి ఊగింది.

నూనె కారిపోయిందేమోనని వంగి చూశాడు. సీళ్ళు పొడిగా ఉన్నాయి. గొట్టాలు వంగాయేమోనని వేలితో పై నుంచి కింది దాకా తడిమాడు. సొట్ట లేదు. గీతలన్నీ కుడిపక్కనే, ఫుట్‌రెస్టు మీదా సైలెన్సరు మీదా ఉన్నాయి. దేన్నో ఎదురుగా గుద్దిన బండి కాదిది. పక్కకు జారి పడింది.

ఇంక చూడాల్సింది ఒక్కటే. ఒక్కో ఫోర్కు నెత్తిన ఒక చిన్న మర ఉంటుంది. నొక్కుకుపోయిన స్ప్రింగు ఎంత నెమ్మదిగా తిరిగి లేవాలో తేల్చేది ఆ మరే. బిగిస్తే నెమ్మదిగా లేస్తుంది, విప్పితే తొందరగా లేస్తుంది. ఎంత విప్పి ఉందో పైకి చూస్తే తెలియదు. లెక్కపెట్టుకుంటూ పూర్తిగా బిగిస్తేనే తెలుస్తుంది. తెలిసేసరికి మర మూసుకుపోతుంది. అంతకుముందు ఎలా ఉండేదో చెప్పడానికి లెక్కపెట్టినవాడి నోరు తప్ప ఇంకేమీ మిగలదు.

ఎడమవైపు మరలో స్క్రూడ్రైవరు పెట్టి తిప్పాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఐదు దగ్గర ఆగాలి. ఆగలేదు. ఆరు, ఏడు. కుడివైపు కూడా ఏడే వచ్చింది. మేస్త్రీ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

మణికట్టు ఒక్కసారి తిరిగితే మర సగం చుట్టే తిరుగుతుంది. మనిషి చెయ్యి అంతకన్నా తిరగదు. తీసి మళ్ళీ పెట్టుకోవాలి. అందుకే ఆ కొట్టులో తిప్పు అంటే సగం చుట్టు. ఇరవై ఏళ్ళుగా వాళ్ళిద్దరూ ఆ లెక్కలోనే మాట్లాడుకుంటున్నారు. మూడు తిప్పులు పెట్టమంటే చుట్టున్నర. ఆ మాట కొట్టు గుమ్మం దాటి వెళ్ళాల్సిన పనే రాలేదు, ఎందుకంటే ఆ మరలు ముట్టుకునేది వాళ్ళిద్దరే. ఒక్క మందులమ్మాయికి మాత్రం, కొండ మీద ఏదైనా అయితే పనికొస్తుందని, మరలు చూపించి చిన్న స్క్రూడ్రైవరొకటి సీటు కింద పెట్టి ఇచ్చాడు. ఎటు తిప్పితే బిగుస్తుందో, ఎటు తిప్పితే విడుస్తుందో చెప్పాడు. తిప్పు అంటే ఎంతో చెప్పలేదు. అదీ ఒక చెప్పే సంగతేనా అనుకున్నాడు.

పడ్డ రోజు కొండ మీంచి ఆమె ఫోను చేసినప్పుడు అతని చేతులు నూనెలో ఉన్నాయి. భార్యే ఫోను తీసి, స్పీకరు పెట్టి, బల్ల మీద ఉంచింది.

"బాబాయ్, పైన చలికి ముందంతా బిగుసుకుపోయింది. ప్రతి గతుకూ చేతుల్లో కొడుతోంది. ఎలా దిగను?"

"చలికి నూనె చిక్కబడుతుందమ్మా, అంతే. ఆ మరలు చెరో రెండు తిప్పులు విప్పు."

"రెండా, బాబాయ్?"

"రెండంటే రెండే. చెప్పినట్టు చెయ్యి."

"సరే."

మూడు మీద ఉన్నవాటిని ఐదు చెయ్యమన్నానని అతను అనుకున్నాడు. ఆమెకు తిప్పంటే పూర్తి చుట్టు. లోకంలో అందరికీ అంతే. రెండు చుట్లంటే ఈ కొట్టు లెక్కలో నాలుగు. మూడూ నాలుగూ ఏడు. రెండువైపులా సమానంగా, వెంట్రుకవాసి తేడా లేకుండా విప్పింది. ఆ రోజు సరిగా వినపడక మళ్ళీ అడిగిందనుకున్నాడు. ఇప్పుడు గుర్తు చేసుకుంటే ఆ గొంతులో ఉన్నది అనుమానం. అంత విప్పొచ్చా అని అడిగింది.

మధ్యాహ్నం భార్య క్యారియరు విప్పి రెండు పళ్ళేల్లో వడ్డించింది. అతను కలిపి వదిలేశాడు.

"ఎన్నొచ్చాయి?" అంది. అతను లెక్కపెడుతున్నంతసేపూ ఆవిడ సీళ్ళ డబ్బా దగ్గర్నుంచి చూస్తూనే ఉంది.

"ఏడు."

ఆవిడ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. విడమరిచి చెప్పాల్సిన పని లేదు, ఆ లెక్క ఆవిడదీనూ.

"పడ్డప్పుడు తిరిగుంటాయి," అంది కాసేపటికి.

"రెండూనా? సమానంగానా?"

"స్టేషన్లో ఆరు వారాలు పడుంది. ఎవడో కెలికుంటాడు."

"కెలికినవాడు లెక్కపెట్టి మరీ చెరో నాలుగు విప్పాడంటావా?"

ఆవిడ లేచి చెయ్యి కడుక్కుని వచ్చింది. గొంతు తగ్గించి, పసిపిల్లాడికి నచ్చచెప్పినట్టు మొదలుపెట్టింది.

"ఇప్పుడు ఎలాగూ మూసే ఉన్నాయి కదా. ఆయన బరువుకి ఎన్ని కావాలో అన్ని పెట్టి ఇచ్చేయండి. ఇది కడుపులో పెట్టుకోండి. మీరు చెప్తే ఆ పిల్ల లేచొస్తుందా? రేప్పొద్దున మన కొట్టుకి ఎవరైనా బండి తెస్తారా? ఈ పని తప్ప మనిద్దరికీ ఇంకేం చేతనవును?"

"తప్పు నాదే కదా."

"కాదని ఎవరన్నారు? చెప్పొద్దంటున్నాను, అంతే."

ఆవిడేం రాతిగుండె మనిషి కాదు. మందులమ్మాయి పోయిన రోజు రెండు పూటలు మెతుకు ముట్టనిది ఆవిడే. భయం వేసింది. భయం వేసినప్పుడు ఎంత మంచి మనిషి నోటైనా ఇలాంటి మాటలే వస్తాయి, మేస్త్రీకి కూడా ఆ మాటలు వినడానికి హాయిగానే ఉన్నాయి.

మర్నాడు ఫోర్కులు విప్పాడు. విప్పాల్సిన అవసరం లేదు. అయినా విప్పి, నూనె గాజుసీసాలోకి దించి, వెలుతురుకి పెట్టి చూశాడు. తను పోసిన మంచి నూనే. స్ప్రింగులు పక్కపక్కన నిలబెట్టి కొలిచాడు. రెండూ ఒకటే పొడవు. హ్యాండిలు కింద బేరింగులు వేలితో తిప్పి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఎక్కడా గరగర లేదు. ఏ గొట్టంలోనైనా, ఏ స్ప్రింగులోనైనా ఒక్క లోపం దొరికితే దానికి దణ్ణం పెట్టేవాడు. ఆ పిల్ల బండిని అద్దంలా చూసుకుంది, లోపమేమీ దొరకలేదు.

భార్య కొత్త సీళ్ళు వేసింది. నూనె పోసి, గొట్టాలు ఎక్కించి, బండిని పక్క స్టాండు మీద నిలబెట్టి ఇద్దరూ చెరో పనిలో పడ్డారు. ఎండ వాలే వేళకి ముందు భాగం దానంతటదే గింజంత కిందికి దిగింది. టిక్‌మని చిన్న చప్పుడు. కొత్త సీళ్ళు గొట్టాన్ని గట్టిగా పట్టుకుని, కాసేపటికి వదిలేస్తాయి. ఎన్నేళ్ళుగానో వింటున్న చప్పుడే. ఎవరో మెల్లిగా సీటు మీద కూర్చున్నట్టు ఉంటుంది. మేస్త్రీ తల తిప్పి చూశాడు. సీటు ఖాళీగా ఉంది. భార్య కూడా చూసింది. చూసి, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా మళ్ళీ పనిలోకి వంగారు.

సాయంత్రం పాలబండి అతను వచ్చాడు. వీధిలో అందరికన్నా పెద్ద నోరు అతనిదే.

"మేస్త్రీ, ముందు చక్రం మా అత్తగారిలా ఊరికే ఎగిరెగిరి పడుతోంది. ఆ మర ఎంత బిగించమంటావ్? నువ్వు లేవకు, నేనే బిగించుకుంటా."

"ఒక తి..."

పాలబండి అతను స్క్రూడ్రైవరు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"ఒక తీ? తర్వాత? నత్తి ఎప్పట్నుంచి మేస్త్రీ?"

"ఇటివ్వు. ఎవరూ ముట్టుకోకండి. నేనే చేస్తాను."

"ఇవ్వక దాచుకుంటానా? కోపమెందుకు?" అని అతను మందులమ్మాయి బండి వైపు చూశాడు. "ఇదేనా అది? అయ్యో పాపం. కానీ నువ్వే చెప్పావుగా, మెల్లిగా పొమ్మని ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కించుకోలేదని. నేనూ అందరికీ అదే చెప్పాను. మేస్త్రీ అంతటివాడే చెప్పినా వినలేదట అని."

తను ఊరికే కలిపిన మాట ఆరు వారాల్లో ఊరంతా తిరిగి ఇంత పెద్దదై ఎదురొచ్చేసరికి మేస్త్రీ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మర మీదికి వంగిపోయాడు. ఆఫీసువాళ్ళు విచారణ అని వీధిలోకి వచ్చినప్పుడు ఎవరినడిగి ఉంటారు? టీకొట్టు దగ్గరే అడిగి ఉంటారు. ఆ ఆలోచన వచ్చాక అతనికి ఇంక ఏ పనీ సాగలేదు.

గురువారం పొద్దున రెండు మరల్నీ మళ్ళీ ఏడుకి విప్పి, బండి వేసుకుని ఊరి చివర క్వారీ రోడ్డుకి వెళ్ళాడు. దిగేటప్పుడు లారీలు బ్రేకులు వేసీ వేసీ అక్కడ రోడ్డు అలలు అలలుగా లేచి ఉంటుంది. కొండదారి మలుపు దగ్గర కూడా ఇలాగే ఉంటుందని ఆ పిల్లే చెప్పేది. వంపు ముందు వేగం చూసుకున్నాడు. ముప్ఫై. మొదటి అల దాటింది. రెండో అల దగ్గర ముందు భాగం లేచింది, దిగేలోగా మూడోది వచ్చింది. చేతుల్లో హ్యాండిలు ఉంది గానీ దాని కింద రోడ్డు లేదు. ఎటు తిప్పినా ఏమీ తగలని ఖాళీ. రెండు కాళ్ళూ నేలకు ఆనించి, ఈడ్చుకుంటూ, ఎలాగో రోడ్డు పక్క మట్టిలో ఆపాడు.

ఒక సైకిలు అతను వెనక నుంచి వచ్చి, అతన్ని దాటుకుని, ఈల వేసుకుంటూ అదే వంపు దిగి వెళ్ళిపోయాడు.

మేస్త్రీ అక్కడే మట్టిలో కూర్చుని ఏడ్చాడు. తన కోసం ఎంత ఏడ్చాడో ఆ పిల్ల కోసం ఎంత ఏడ్చాడో విడదీసి చెప్పడం కష్టం. కళ్ళు తుడుచుకుని లేచి మరలు ఐదుకి బిగించి, అదే వంపు అదే వేగంతో మళ్ళీ దిగాడు. బండి రోడ్డుకి అతుక్కుని, అలల మీంచి ఒద్దికగా నడిచింది. అంటే ఆ రోజు అతని బుర్ర సరిగానే చెప్పింది. నోరే తప్పు చెప్పింది. రెండా అని ఆమె అడిగినప్పుడు ఒక్క క్షణం ఆగి ఉంటే ఆ తప్పు అక్కడే తేలిపోయేది.

శనివారం టైలరు పెందలాడే వచ్చాడు. నడిపేవాడు కూర్చుంటే ముందు భాగం ఎంత దిగుతుందో కొలిచి, దాన్నిబట్టి స్ప్రింగు బిగువు పెట్టాలి. భార్య వెనక నుంచి బండిని నిటారుగా పట్టుకుంది. మేస్త్రీ గొట్టం చుట్టూ సన్నటి ప్లాస్టిక్ పట్టీ ఒకటి బిగించి, ఆనవాలు పెట్టుకున్నాడు.

"కూర్చోండి. రెండు కాళ్ళూ పైన పెట్టండి. మీ బరువంతా వదిలేయండి."

టైలరు కూర్చున్నాడు. వంగి చూస్తూ, మెడలోంచి టేపు తీసి ఇచ్చాడు.

"నా టేపుతోనే కొలవండి. మాకూ అంతే మేస్త్రీగారూ. ప్యాంటు కొలత నిలబెట్టి తీసుకుంటాం గానీ, కూర్చోబెట్టి చూస్తేనే ఎక్కడ పడుతుందో తెలుస్తుంది. ఎంతొచ్చింది?"

"మూడున్నర సెంటీమీటర్లు."

"దానికెంత ఉండేది?"

"రెండున్నర."

"మరీ సన్నం కదా," అన్నాడు టైలరు. హ్యాండిలు పిడుల మీద రెండు చేతులూ వేసి, వేళ్ళు ఒకసారి తెరిచి మళ్ళీ మూశాడు. "దాని చేతులు ఇక్కడే ఉండేవి."

బండి దిగకుండానే, ఎదురుగా గోడ వైపు చూస్తూ ఆయనే మొదలుపెట్టాడు.

"ఆ పొద్దున నేను అరిచాను. అన్నం డబ్బా మర్చిపోయి వెళ్ళిపోతోంది. వెనక్కి పిలిస్తే ఆలస్యమైందని గునిసింది. నువ్వు ఎవరి మాటా వినవు, ఏదో ఒక రోజు పడతావు అన్నాను. అదే మాటన్నాను. ముఖం ముడుచుకుని వెళ్ళింది. ఆ కోపంలో తోలి ఉంటుంది. మిషను మీద కూర్చుంటే చాలు, ఆ మాటే వినిపిస్తోంది. ఒక్క కుట్టు తిన్నగా పడడం లేదు."

మేస్త్రీ చేతిలో టేపు ఉంది. వెనక నుంచి భార్య "ఏవండీ" అంది. కొలత రాసుకోమన్నట్టే ఉంది ఆ పిలుపు, కానీ చెప్పొద్దనే అంటోందని అతనికి అర్థమైంది.

"ఆమె వేగంగా వెళ్ళలేదండీ," అన్నాడు.

చెప్పాడు. ఫోను వచ్చిన సంగతి, చలికి నూనె చిక్కబడిన సంగతి, మరల సంగతి, రెండు తిప్పులు విప్పమన్న సంగతి. ఏడు లెక్కపెట్టిన సంగతి, క్వారీ రోడ్డు మీద ముప్ఫైలోనే పడబోయిన సంగతి, మెల్లిగా పొమ్మని తనెప్పుడూ చెప్పలేదన్న సంగతి. మధ్యలో రెండుసార్లు నీళ్ళు నమిలాడు గానీ ఆగలేదు.

టైలరు బండి దిగాడు. అతను తడబడకుండా దిగడం చూసి మేస్త్రీకి ఇంకా భయమేసింది.

"చూపించు," అన్నాడు టైలరు. ఇన్నాళ్ళూ మీరు అన్న మనిషి.

మేస్త్రీ మరలో స్క్రూడ్రైవరు పెట్టి మణికట్టు తిప్పాడు.

"ఇది సగమే కదా."

"మా కొట్టులో ఇదే తిప్పండీ."

"మా పుస్తకంలోనూ ఉన్నాయి ఇలాంటివి. భుజం ఏడున్నర అని రాసుకుంటాం, అది సగం కొలత. కత్తెర పట్టేవాడికి తెలుసు. బయటి మనిషికి ఇచ్చేటప్పుడు మాత్రం సగమని చెప్పి ఇస్తాను. చెప్పకపోతే పాడవుతుంది." టైలరు ఆగాడు. "పాడైతే చొక్కా పాడవుతుంది. అంతే."

కొడతాడనుకుని మేస్త్రీ తల వంచుకుని నిలబడ్డాడు. కొడితే బాగుండుననే అనుకున్నాడు. టైలరు చెయ్యి ఎత్తలేదు. జేబులోంచి ఆఫీసువాళ్ళ కాగితం తీసి, తిరగేసి, ఖాళీగా ఉన్న వైపు పైకి పెట్టి బల్ల మీద పరిచాడు.

"రాయి. సోమవారం తీసుకెళ్ళి వాళ్ళ ముందు పడేస్తాను. బండి అప్పటిదాకా ఇక్కడే ఉండనీ."

మేస్త్రీ రాశాడు. రాత అలవాటు లేని చెయ్యి, ప్రతి అక్షరమూ ఎత్తి పెట్టినట్టు రాశాడు. టైలరు చదివి, కాగితం మళ్ళీ తోశాడు.

"తిప్పంటే సగం చుట్టని రాయి. లేకపోతే వాళ్ళకీ అర్థం కాదు."

అది కూడా రాసి సంతకం పెట్టాడు. పెన్ను బల్ల మీద వదిలేశాడు. అంతా చెప్పేశాననే అనుకున్నాడు. భార్య ఎప్పుడొచ్చిందో భుజం వెనక నిలబడి చదువుతోంది.

"అంతేనా?" అంది.

"ఇంకేముంది?"

"ఆ పిల్ల మళ్ళీ అడిగింది కదా."

టైలరు ఆవిడ వైపు తిరిగాడు.

"ఏం అడిగిందమ్మా?"

"ఫోను స్పీకరులో పెట్టింది నేనేనండీ, నేనూ విన్నాను. రెండు తిప్పులు విప్పమని ఈయనంటే, రెండా బాబాయ్ అని అడిగింది. రెండంటే రెండే, చెప్పినట్టు చెయ్యి అన్నారీయన. సరే అని పెట్టేసింది." ఆవిడ భర్త వైపు చూసింది. "చెప్పొద్దని నేనే అన్నాను మొన్న. చెప్పాలనుకున్నాక సగం చెప్పకూడదు కదండీ."

మేస్త్రీ దాచాలని దాచలేదు. నాలుగు రోజులుగా కన్ను మూస్తే చాలు చెవిలో మోగుతున్న ఆ ఒక్క మాటా కాగితం మీదికి వచ్చేసరికి ఎలా తప్పించుకుందో అతనికే తెలియలేదు.

"అడిగిందా?" అన్నాడు టైలరు.

"అడిగిందండీ," అన్నాడు మేస్త్రీ.

టైలరు స్టూలు మీద కూర్చున్నాడు. ఇప్పటిదాకా పొడిగా ఉన్న కళ్ళు ఇప్పుడు నిండాయి.

"అడిగిందా! ఇంట్లో ఏదీ రెండోసారి అడిగే పిల్ల కాదు. అనుమానమొచ్చి అడిగిందన్నమాట. అడిగి, రెండువైపులా సమానంగా లెక్కపెట్టి మరీ చేసిందన్నమాట." కాగితం తిరగేసి, గీత గీసిన ఆ రెండు మాటల మీద వేలు పెట్టాడు. "అడిగి చేసినదాన్ని పట్టుకుని నిర్లక్ష్యం అని రాశారు. వాళ్ళంటే దాన్ని ఎరగరు. నేనూ అదే అనుకున్నాను కదమ్మా. ఆరు వారాలు అదే అనుకున్నాను."

భార్య మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఆయన పక్కన పెట్టింది. ఆయన తాగలేదు. కాగితం మళ్ళీ తిప్పి మేస్త్రీ ముందుకు తోశాడు.

"అది అడిగింది రాయి. నువ్వన్నదీ రాయి."

సంతకం కింద చోటు కొంచెమే మిగిలింది. మేస్త్రీ అక్షరాలు చిన్నవి చేసుకుని ఆమె అడిగిన మాట రాశాడు, దాని పక్కనే తను చెప్పిన జవాబు రాశాడు. పెన్ను పెట్టేయబోతుంటే భార్య అతని చేతిలోంచి తీసుకుంది. ఆ కింద, అంచు మీద, "ఇది నేను విన్నాను" అని రాసి తనూ సంతకం పెట్టింది.